టార్క్ కన్వర్టర్ మార్చాలి, ఏది వేయించమంటారు? (తిరుపతి, నెలకు రెండు మూడుసార్లు కొండ)

అలిపిరి_ఆటోమేటిక్:
అందరికీ నమస్కారం. నాది డీజిల్ ఏడు సీట్ల బండి, 6 స్పీడ్ ఆటోమేటిక్, 1,70,000 కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ పేరు చెప్తే ఆ కంపెనీ అభిమానులు వచ్చి టాపిక్ పక్కదారి పట్టిస్తారు, అందుకే చెప్పను. రెండు నెలలుగా 60, 70 స్పీడులో కాలు తేలిగ్గా పెట్టి పోతుంటే బండి వణుకుతోంది. నున్నటి రేణిగుంట రోడ్డు మీద కూడా గతుకుల్లో పోయినట్టు గరగరమని రెండు సెకన్లు, మళ్లీ మామూలే. మెకానిక్ చూసి కన్వర్టర్ (ఇంజన్ బలాన్ని నూనె ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే డబ్బా) పోయిందన్నాడు.

మా బావమరిది బెంగళూరులో ఉంటాడు. "ఎలాగూ మారుస్తున్నావు కదా బావా, 2800 స్టాల్‌ది వేయించు, అలిపిరి దాటగానే ఎగురుతుంది" అంటున్నాడు. బండిని కదలనివ్వకుండా పట్టి నొక్కితే ఇంజన్ 2800 ఆర్‌పీఎం దాకా లేచే కన్వర్టర్ అన్నమాట. వీడియోలు కూడా పంపాడు. చుట్టాలొస్తే కొండకి డ్రైవర్‌ని నేనే, మిగతాదంతా ఊళ్లో తిరుగుడే. ఎవరైనా అలాంటిది వేయించారా?

మొగిలిఘాట్:
వద్దు సామీ. నేను వేయించి అనుభవించాను. పాత పెట్రోల్ సెడాన్, 2600 స్టాల్ అని చెప్పి బయట నుంచి తెప్పించిన కన్వర్టర్. మొదటి వారం భలే ఉండింది, సిగ్నల్ దగ్గర నొక్కితే వెనక సీట్లో వాళ్లు సీటుకి అతుక్కుపోయేవాళ్లు. తర్వాత తెలిసింది అసలు సంగతి. లీలామహల్ సర్కిల్‌లో మెల్లగా పాకాలన్నా ఇంజన్ ముందు అరుస్తుంది, బండి తర్వాత కదులుతుంది. పక్కన ఆటోవాడు తిరిగి చూస్తాడు. బంగారుపాళెం నుంచి పలమనేరుకి మొగిలి ఘాట్ ఎక్కుతుంటే స్కానర్‌లో గేర్ ఆయిల్ వేడి 121 డిగ్రీలు చూపించింది, అంతకుముందు 95 దాటేది కాదు. లీటరుకి 11 ఇచ్చే బండి తొమ్మిదికి దిగింది. ఏడాది తిరక్కుండా పాత కన్వర్టరే రిపేరు చేయించి మళ్లీ ఎక్కించాను. రెండుసార్లు గేర్‌బాక్స్ దించిన కూలి నాకే.

ఇంకో మాట. కొండపైకి 28 నిమిషాలకంటే ముందు చేరితే ఫైన్ వేస్తారు. ఇక ఎగరడం ఎక్కడ బ్రో?

అలిపిరి_ఆటోమేటిక్:
హహ, 28 నిమిషాల సంగతి బావమరిదికి చెప్తాను. అయితే ఎక్కువ స్టాల్ వేయించేవాళ్లంతా పిచ్చోళ్లా? దానివల్ల ఏదో లాభం ఉండాలి కదా.

పాత_చేతులు:
లాభం ఉంది, మీకు కాదు. ముప్పై ఏళ్లుగా గేర్‌బాక్సులు విప్పుతున్నాను కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

బ్రేక్ తొక్కిపట్టి, డీలో పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కితే ఇంజన్ ఏ ఆర్‌పీఎం దగ్గర ఆగిపోతుందో అదే స్టాల్ స్పీడు. (ఇంట్లో చేసి చూడకండి. షాపులో మేమే ఐదు సెకన్లకు మించి పట్టం, ఆయిల్ మరిగిపోతుంది.) కన్వర్టర్‌లో ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండేది నూనె. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి ఆన్ చేస్తే గాలికి రెండోది కూడా తిరుగుతుంది చూడండి, అలాంటిదే. మధ్యలో స్టేటర్ అని చిన్న చక్రం ఉంటుంది. బండి నిలబడి ఉన్నప్పుడు అది నూనెని మళ్లించి ఇంజన్ టార్క్‌ని దాదాపు రెట్టింపు చేసి ఇస్తుంది. బండి కదిలి రెండు ఫ్యాన్ల వేగం దగ్గరపడేకొద్దీ ఆ రెట్టింపు కరిగిపోతుంది.

రేసు బండిలో పెద్ద క్యామ్ (వాల్వుల్ని తెరిచే షాఫ్టు) వేసిన పెట్రోల్ ఇంజన్‌కి 3000 లోపు ఊపిరే ఉండదు. దానికి ఎక్కువ స్టాల్ కావాలి, ఇంజన్‌ని నేరుగా బలం ఉన్న చోటికి లేపుతుంది. మీ డీజిల్‌కి 1500 దాటగానే టార్క్ చేతికొస్తుంది. దాన్ని 2800 దాకా ఖాళీగా అరిపించి ఏం లాభం? రోడ్డు మీద తిరిగే మామూలు బండ్లకి కంపెనీ ఇచ్చే స్టాల్ దాదాపు 1800 నుంచి 2400 మధ్య ఉంటుంది, ఊరికే ఇవ్వలేదు. పైగా 100లో మీ ఇంజన్ టాప్ గేర్‌లో 1800 దగ్గర తిరుగుతుందనుకోండి, లాకప్ (కన్వర్టర్ లోపల ఇంజన్‌నీ గేర్‌బాక్స్‌నీ జారకుండా నేరుగా కలిపే క్లచ్) పడనంతసేపూ ఆ కన్వర్టర్ జారుతూనే ఉంటుంది. జారుడంతా వేడే.

డబ్బా మీద రాసిన స్టాల్ అంకెని కూడా నమ్మొద్దు. చిన్న ఇంజన్ వెనక 2200 చూపించే కన్వర్టరే బలమైన ఇంజన్ వెనక 2700 చూపిస్తుంది. ఏ ఇంజన్‌కి, ఎంత బరువు బండికి అని అడగకుండా అంకె చెప్పేవాడు సరుకు అమ్ముకోడానికి చెప్తున్నాడు, అంతే.

పలమనేరు_టమాటా:
నాది ఏఎమ్‌టీ బండి, ఘాట్‌లో కొంచెం జర్క్ ఇస్తుంది. నేనూ కన్వర్టర్ చూపించుకోవాలా?

పాత_చేతులు:
ఏఎమ్‌టీలో కన్వర్టరే ఉండదు. మామూలు క్లచ్, మామూలు గేర్లు, మీ కాలు చేసే పని మోటారు చేస్తుంది. క్లచ్ చూపించుకోండి.

చంద్రగిరి_కుర్రోడు:
అన్నా, మార్చేముందు ఒక టెస్ట్ చెయ్యి. వణుకు వస్తుండగానే ఎడమకాలితో బ్రేక్ పెడల్‌ని బ్రేక్ లైటు వెలిగేంత వరకే తాకు. చాలా బండ్లలో అప్పుడు లాకప్ క్లచ్ వదిలేస్తుంది. వణుకు టక్కున ఆగిందంటే లాకప్‌దే. ఆగకపోతే ఇంజన్ మౌంట్లో, ఇంజెక్టరో అయ్యుండొచ్చు. వెనకాల బండి లేనప్పుడు చెయ్యి, భాకరాపేట ఘాట్‌లో మాత్రం చెయ్యకు.

మా నాన్న బండికి ఇలాగే ఉంటే ఆయిల్ మార్చగానే పోయింది. అయితే ఒక్కసారి డ్రెయిన్ చేస్తే మొత్తం రాదు, సగం కూడా రాదు, మిగతాది కన్వర్టర్‌లోనే ఉంటుంది. నాలుగు వందల కిలోమీటర్లు తిప్పి మళ్లీ మార్చాం, అలా మూడుసార్లు.

అలిపిరి_ఆటోమేటిక్:
టెస్ట్ చేశాను తమ్ముడూ, కరకంబాడి రోడ్డులో పొద్దున్నే. బ్రేక్ తాకగానే వణుకు మాయం. ఆయిల్ కొంచెం తీయించి తెల్లగుడ్డ మీద వేశాం: ఎరుపన్నది లేదు, కాఫీ డికాక్షన్ లాగా ఉంది, మాడిన వాసన. గుడ్డని వేళ్ల మధ్య రుద్దితే సన్నటి నల్లపొడి అంటింది. రెండుసార్లు ఆయిల్ మార్చినా వణుకు పోలేదు. మార్చక తప్పదు. కొత్తది కొనాలా, రీబిల్డ్ చేయించాలా, సెకండ్‌హ్యాండ్‌దా?

చెన్నై_అప్‌డౌన్:
సెకండ్‌హ్యాండ్ అనుభవం నాది వినండి. చెన్నైలో ఒక పాత సామాన్ల షాపులో తీసుకున్నాను, "ఆక్సిడెంట్ బండిలోది సార్, తక్కువ తిరిగింది" అన్నాడు. పైకి తళతళలాడింది. లోపల ఎలా ఉందో వెల్డింగ్ చేసిన డబ్బాలోంచి ఎలా కనపడుతుంది? నాలుగు నెలలకే మళ్లీ అదే వణుకు. కన్వర్టర్ ఒకటే అయితే ఫర్వాలేదు, గేర్‌బాక్స్ దించి ఎక్కించడం ఉంది కదా, ఏడుపంతా అక్కడే.

తర్వాత రీబిల్డ్ చేయించాను, దగ్గరుండి చూశాను. లేత్ మీద ఎక్కించి వెల్డింగ్ అంచు కోసి రెండు ముక్కలు చేస్తారు. లాకప్ లైనింగ్ (ఆ క్లచ్‌కి పట్టు కోసం అతికించే పొర) అరిగిపోయి ఇనుము మెరుస్తోంది. లైనింగ్, సీళ్లు, బేరింగులు మార్చి, మళ్లీ వెల్డ్ చేసి, గాలి నింపి నీళ్లలో ముంచి లీకు చూసి, బ్యాలెన్స్ చేశారు. రెండున్నరేళ్లయింది, బాగుంది.

పాత_చేతులు:
రీబిల్డ్‌కే నా ఓటు, కానీ వాళ్లని ఒకటి అడగండి: లైనింగ్ ఏ రకంది వేస్తున్నారు? ఇప్పటి బండ్లలో కంప్యూటర్ లాకప్‌ని ఒక్కసారిగా పట్టించదు, కొద్దిగా జారనిస్తూ పట్టిస్తుంది. ఆ జారుడు తట్టుకునే లైనింగ్ కాకుండా పాతకాలం రకం అతికిస్తే కొత్త కన్వర్టరే మొదటి రోజు నుంచి వణుకుతుంది. బ్యాలెన్స్ మెషిన్ లేదంటే అక్కడి నుంచి వచ్చేయండి.

బిగించేటప్పుడు ఇంకో గండం. కన్వర్టర్‌లో లీటరు దాకా ఆయిల్ పోసి, గేర్‌బాక్స్ షాఫ్టు మీదికి తోస్తూ తిప్పుతుంటే టక్, టక్, టక్ అని ఒక్కో మెట్టు లోపలికి దిగాలి. చివరి మెట్టు ఆయిల్ పంపుది. అది దిగకుండానే బోల్టులు వేసి ఇంజన్‌కి లాగారంటే పంపు పగిలిపోతుంది. స్కేలు పెట్టి అంచు నుంచి లోతు కొలిచాకే మా షాపులో గేర్‌బాక్స్ పైకి లేస్తుంది. కొత్తగా చేరిన పిల్లోడొకడు "దిగింది అన్నా" అంటే నమ్మి ఒకసారి పంపు కొనిచ్చాను, సొంత డబ్బుతో.

ఆయిల్ కూలర్ పైపులు కడిగించండి. పాత నల్లపొడి అక్కడే దాక్కుంటుంది, మళ్లీ కొత్త కన్వర్టర్‌లోకే వస్తుంది.

మొగిలిఘాట్:
స్టాల్ మీద పెట్టాలనుకున్న డబ్బు బయటి ఆయిల్ కూలర్ మీద పెట్టండి. ఘాట్‌లో 30, 40 స్పీడులో కింది గేర్లలో లాకప్ చాలాసార్లు పడదు, కన్వర్టర్ జారుతూనే ఎక్కుతుంది. మే నెలలో ఏడుగురు, లగేజీ, ఏసీ. నాకు కూలర్ పెట్టాక అదే మొగిలి ఘాట్‌లో 98.

అలిపిరి_ఆటోమేటిక్:
అప్‌డేట్. రీబిల్డ్ చేయించాను, కంపెనీ స్టాలే. రేడియేటర్ ముందు చిన్న కూలర్ పెట్టించాను. మెకానిక్ పక్కన నిలబడి టక్‌లు లెక్కపెట్టాను, మూడూ వినపడ్డాయి. స్కేలుతో కొలవమంటే ముఖం ఒకలా పెట్టాడు కానీ కొలిచాడు.

ఒక చిక్కు వచ్చింది, ఎవరికైనా పనికొస్తుంది. నా బండికి డిప్‌స్టిక్ లేదు. ఆయిల్ 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు కింద ప్లగ్ తీసి, సన్నగా కారితే లెవెల్ సరిపోయినట్టు. మధ్యాహ్నం రెండింటికి మొదలుపెడితే ఇంజన్ స్టార్ట్ చేయకముందే స్కానర్‌లో ఆయిల్ 43. తిరుపతి ఎండ మరి! రెండు నిమిషాల్లో 50 దాటేసింది. బండి అక్కడే వదిలేసి మర్నాడు పొద్దున ఆరుకి వచ్చి చూసుకున్నాం, ముప్పావు లీటరు తక్కువుంది.

నిన్న చుట్టాలతో కొండకి పోయొచ్చాను. వణుకు లేదు. ఎక్కేటప్పుడు ఎక్కువలో ఎక్కువ 96. దిగేటప్పుడు మాత్రం డీలో వదిలేస్తే బండి పరుగెత్తుతున్నట్టుంది, బ్రేకులు వాసనొచ్చాయి. ఇది కొత్త కన్వర్టర్ వల్లా?

మొగిలిఘాట్:
కాదు. లాకప్ వదిలేస్తే ఇంజన్ బండిని పట్టి ఆపేది తక్కువ, కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్‌లన్నింటిలోనూ అంతే. మొదటి ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు మాన్యువల్ మోడ్‌లో పెట్టి రెండో గేరులోనో మూడో గేరులోనో ఉంచండి. కిందికి ఎలాగూ 40 నిమిషాలు పట్టాల్సిందే.