అది గ్రేట్ వైటేనా?

నీలికెరటం: డైవింగ్‌లో ఓ పెద్ద సొరచేప మా పక్కనుంచే వెళ్లింది. నీళ్లు మసకగా ఉన్నాయి, నోరు బార్లా తెరిచి తీరిగ్గా పోతోంది. 8 మీటర్లు ఉంటుందని ఒకరు, గ్రేట్ వైట్ అనే వేటాడే సొరచేపేనని ఇంకొకరు ఒకటే గొడవ. ఎలా తేల్చుకోవాలండీ?

లోతుమనిషి: ముందు ఆ 8 మీటర్లు పక్కన పెట్టండి. మాస్క్ అద్దంలోంచి చూస్తే ఏదైనా మూడో వంతు పెద్దగా, నాలుగో వంతు దగ్గరగా కనిపిస్తుంది, ఆపైన టెన్షన్ కలిపే కొలత వేరు!

ఉప్పుగాలి: నోరు తెరుచుకుని మెల్లగా ఈదిందంటే చాలావరకు బాస్కింగ్ షార్కే, తినేది ప్లాంక్టన్, అంటే నీళ్లలో తేలే చిన్న చిన్న జీవులు. మొప్పల చీలికలు చూశారా? దానికవి దాదాపు తల చుట్టూ ఉంటాయి, గ్రేట్ వైట్‌కి అంత పొడవుండవు.

లోతుమనిషి: అవును, అదే అసలు గుర్తు. తోక నిలువుగా ఉండి పక్కలకే ఊగిందా? అడ్డంగా ఉండి పైకీ కిందకీ ఆడితే మాత్రం అసలు సొరచేపే కాదు, డాల్ఫినో తిమింగలమో. వీడియో ఉంటే పెట్టండి.