బాదినీ ఉత్తరాన్ని లాటిన్ లిపిలోకి మార్చడం ఎలా?

అమెరికాలోని నాష్‌విల్‌లో మా పొరుగున ఉన్న కుర్దు కుటుంబంలోని అమ్మాయి, ఇరాక్ కుర్దిస్థాన్‌లోని దుహోక్ నగరం నుంచి తాతగారు నౌరోజ్ (కుర్దుల కొత్త సంవత్సర పండుగ) ఆచారాల గురించి రాసిన నాలుగు పేజీల ఉత్తరాన్ని చదవలేకపోతోంది. ఇంట్లో మాట్లాడేది కుర్దిష్ భాషలోని ఒక ప్రధాన శాఖ అయిన కుర్మాంజీకి చెందిన బాదినీ మాండలికమే అయినా, ఆమెకు లాటిన్ లిపి తప్ప అక్కడ వాడే అరబిక్ లిపి రాదు. 1991లో ఇరాక్ కుర్దులు పెద్ద సంఖ్యలో పారిపోయిన వలసలో చిన్నతనంలోనే ఊరు విడిచిన తల్లిదండ్రులకూ దానిపై పట్టు లేదు. ఆ పెద్దాయన మాటలు మనవరాలికి అందకుండా పోకూడదని నా తపన.

ఉత్తరాన్ని టైపు చేసి ఫోన్‌లోని అనువాద యాప్‌లో సొరానీగా (కుర్దిష్‌లోని మరో ప్రధాన శాఖ) పెడితే వాక్యాలు చెదిరిపోయాయి, కుర్మాంజీగా పెడితే సగం పదాలు మారనే లేదు. అక్షరానికి అక్షరం నేనే మార్చి చూశాను గాని, ఆ లిపిలో పొట్టి 'ఇ' అచ్చును రాయకపోవడం వల్ల, పైగా 'వ', 'ఉ' ధ్వనులకు ఒకే అక్షరం ఉండటం వల్ల, చాలా పదాలను పోల్చుకోలేకపోయాం.

మార్చి 20 సాయంత్రం నౌరోజ్ మంట వెలిగించేలోగా, ఈ బాదినీ రాతను లాటిన్ లిపిలోకి నమ్మకంగా మార్చే సాధనం ఏదైనా మీకు తెలుసా?