టాహో రేవు అడుగున చెత్త: డైవర్లు ఊరికే ఎందుకు తీయాలి?

సన్నీవేల్ శీను

పోయిన శనివారం కాలిఫోర్నియా, నెవాడా సరిహద్దు కొండల్లో ఉన్న చెరువు లేక్ టాహోలో ఒక పడవల రేవు దగ్గర డైవింగ్ క్లీనప్‌కి వెళ్ళొచ్చాను. రెండు గాలి ట్యాంకులు, నీళ్ళలో మొత్తం గంటన్నర లోపే. నా ఒక్కడి వల సంచిలోకి వచ్చినవి: బీరు డబ్బాలు లెక్కలేనన్ని, చలవ కళ్ళద్దాలు ఏడు జతలు, తెగిన లంగరు తాడు, ఒక ఫోను, మడత కుర్చీ కాలు, పడవ పక్కన కట్టే రబ్బరు బుడ్డి ఒకటి. అన్నీ రేవు చెక్క బాట కిందే. అంటే బయట నుంచి కొట్టుకొచ్చినవి కావు, అక్కడ పడవలు కట్టుకున్నవాళ్ళ చేతుల్లోంచి పడినవే.

ఆ రేవు వాళ్ళు ఒక్కో పడవకి ఏడాదికి వేల డాలర్ల అద్దె తీసుకుంటారు. మాకు చేసిన మర్యాద ఏంటంటే, పార్కింగ్ ఫీజు మా దగ్గర పూర్తిగా వసూలు చేశారు. ట్యాంకులు నింపించుకున్నది మా డబ్బుతో, పెట్రోలు మాది, పోయిన శనివారం మాది. సాయంత్రం వాళ్ళ పేజీలో ఫొటో మాత్రం వాళ్ళది, "మన రేవు ఎంత శుభ్రమో చూడండి" అని.

నా ప్రశ్న సూటిగా: ఈ పనికి రేవు యజమానే డబ్బు కట్టి వృత్తి డైవర్లని పెట్టుకోవాలి కదా? మనం ఊరికే చేస్తూ పోతే వాళ్ళు ఎప్పటికైనా కడతారా? ఇకపై వెళ్ళకూడదనుకుంటున్నా. తప్పైతే చెప్పండి.

గట్టుమీద గోపాలం

తప్పే, శీనూ. పార్కింగ్ ఫీజు మీద కోపం చెరువు మీద చూపిస్తున్నావు.

2021 మే నుంచి 2022 మే దాకా వాలంటీర్ డైవర్లు టాహో చుట్టూ 72 మైళ్ళ ఒడ్డూ ఈదారు. 'క్లీన్ అప్ ద లేక్' అనే సంస్థ నడిపింది. 25,000 పౌండ్ల పైన చెత్త, అంటే 11 టన్నులకు పైనే తీశారు. వస్తువులు ఒక్కొక్కటీ లెక్కపెట్టారు, 24,797. కింద డైవర్లు, పైన కయాక్‌ల మీద సంచులు అందుకునేవాళ్ళు, చలికాలంలో కూడా ఆపలేదు. ఎవరు డబ్బు కట్టాలో తేలేదాకా ఆగుదాం అని వాళ్ళు కూర్చుంటే ఆ 11 టన్నులూ ఇప్పటికీ అడుగునే ఉండేవి.

లెక్కల మాస్టారు

గోపాలం గారూ, అదే లెక్క నేనూ వేస్తాను. ఆ పనికి సేకరించిన విరాళాలు సుమారు రెండున్నర లక్షల డాలర్లు. వాలంటీర్లు ఊరికే వచ్చినా పడవ, ట్యాంకులు, బీమా, సిబ్బంది ఊరికే రావు కదా. అంటే పౌండుకి పది డాలర్లు పడింది. అదే 2023లో జులై 4 పండగ మర్నాడు ఒడ్డున వాలంటీర్లు ఒక్క పూటలో 8,000 పౌండ్ల పైన ఏరారు. చేతికి గ్లవ్స్, భుజాన సంచి, అంతే ఖర్చు. నీళ్ళలో పడకముందు తీస్తే ఇంత చవక. పడ్డాక తీయడం ఫొటోలకి బాగుంటుంది.

ఇంకో మాట. ఆ విరాళాల్లో టాహో పేరే పెట్టుకున్న ఒక వోడ్కా బ్రాండ్ డబ్బూ ఉంది. అడుగున దొరికేవి తాగి పారేసిన డబ్బాలు, సీసాలు. నవ్వాలో ఏడవాలో మీరే చెప్పండి.

అసలు టాహో గొప్పదనం నీళ్ళ తేటదనం. 1968లో తెల్ల పళ్ళెం దించితే 31 మీటర్ల దాకా కనిపించేది. ఇప్పుడు 20 మీటర్ల చుట్టుపక్కల. ఆ తేడా తెచ్చింది బీరు డబ్బాలు కాదు. రోడ్ల మీద నుంచి వాన నీటితో వచ్చే 16 మైక్రాన్ల కంటే సన్నటి దుమ్ము, దానికి తోడు నాచు. డైవర్ సంచిలో అది పట్టదు.

గట్టుమీద గోపాలం

మాస్టారూ, దుమ్ము ఎత్తలేం కాబట్టి డబ్బా కూడా ఎత్తొద్దంటారా?

లెక్కల మాస్టారు

ఎత్తండి. చెరువు బాగుపడిందని మాత్రం అనకండి.

రెండో ట్యాంకు

నేను బే ఏరియాలో డైవింగ్ నేర్పుతాను, తొమ్మిదేళ్ళుగా. డబ్బు ఎవరిది అన్నదానికన్నా నాకు టెన్షన్ పెట్టేది వేరే. శీను గారూ, తిట్టడం కాదు, చెప్తున్నాను.

టాహో సముద్రమట్టానికి దాదాపు 1,900 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి ఒత్తిడి సముద్రం దగ్గరున్న దాంట్లో ఐదింట నాలుగు వంతులే. కాబట్టి అక్కడ పది మీటర్ల డైవ్‌ని, ఎంత లోతులో ఎంతసేపు ఉండొచ్చో చెప్పే మన టేబుల్స్‌లో పన్నెండున్నర మీటర్లుగా లెక్కేసుకోవాలి. సముద్రం ఒడ్డున మాంటెరేలో నేర్చుకుని కొత్తగా డైవింగ్ కార్డు తెచ్చుకున్న పిల్లలకి ఇది గుర్తుండదు. ఇక ఇంటికి రావాలంటే కొండ దిగడమే అనుకుంటారు. కాదు. ముందు డానర్ కనుమ ఎక్కాలి, చెరువు కన్నా ఇంకో 300 మీటర్లు పైకి. నీళ్ళ ఒత్తిడికి ఒంట్లో కరిగిన నైట్రోజన్ ఇంకా ఉండగానే కారెక్కి కనుమ దాటడం అంటే, సోడా సీసా మూత ఇంకాస్త వదులు చేసినట్టే, అది ఒంట్లోనే బుడగలు కడుతుంది.

అందులోనూ రేవు వేరు, బయటి ఒడ్డు వేరు. బయట అడుగున ఇసుక, గ్రానైట్ రాళ్ళు, అద్దంలా కనిపిస్తుంది. రేవులో మెత్తటి ఒండ్రు. ఒక్కసారి ఫిన్ తగిలిందా, మీ చెయ్యి మీకు కనిపించదు. అందులో పారేసిన గాలపు తీగలు, వాటికి గాలాలు. పైన పడవలు. కింద డైవర్ ఉన్నాడని ఎర్ర జెండా పాతినా ఆగని పడవలని నా కళ్ళతో చూశాను. ఇద్దరు ఇద్దరుగా ఉండాలి, తీగ కోసే కత్తి అందేచోట ఉండాలి, ఒకరు పైన నిలబడి పడవలని చూస్తుండాలి. బరువైనది కనిపిస్తే చేత్తో పట్టుకుని పైకి రాకూడదు. పట్టు జారిందా, బరువు కిందికి, మీరు బుడగలాగా పైకి. గాలి నింపి బరువుని పైకి తేల్చే లిఫ్ట్ బ్యాగు వాడటం తెలిసినవాళ్ళకే ఆ పని.

ఇంకొకటి ఎవరూ అనుకోరు. 2023లో టాహోలో న్యూజిలాండ్ బురద నత్తలు బయటపడ్డాయి. ఆవగింజ నుంచి బియ్యపు గింజంత ఉంటాయి. డైవింగ్ బూట్లలో, డైవింగ్ జాకెట్‌లో దాక్కుని ఇంకో చెరువుకి పోతాయి. పడవలకి తనిఖీ ఉంది. డైవర్ సామాను కడిగి ఆరబెట్టాడో లేదో ఎవరు చూస్తారు? చెరువు బాగుచేద్దామని వెళ్ళి ఇంకో చెరువుకి నత్తల్ని మోసుకెళ్తే ఎలా?

అందుకని నా ఓటు సగం శీను గారికి: రేవు లోపల పని వృత్తి డైవర్లది, ఖర్చు రేవుది. బయటి ఒడ్డు వాలంటీర్లు చేసుకోవచ్చు.

ట్యాంక్‌బండ్ బాబాయ్

అక్కడ అద్దంలాంటి నీళ్ళలో కళ్ళద్దాలు ఏరుకుంటున్నారు. మా హుసేన్ సాగర్‌కి రండి నాయనా, అసలు చెత్త చూపిస్తా.

లెక్కల మాస్టారు

బాబాయ్, అక్కడ దిగితే డైవర్‌కి ముందు కామెర్లు వస్తాయి. మురుగు కాలవలు ఆపకుండా డైవర్‌ని దించి లాభం లేదు. అయినా నిమజ్జనం తర్వాత ఆ ఇనుప చువ్వలూ చట్రాలూ తీసేది వాలంటీర్లు కాదు కదా. క్రేన్లు, జేసీబీలు పెట్టి ప్రభుత్వ ఖర్చుతో తీయిస్తారు. ఆ ఒక్క విషయంలో మన ఊరే నయం, బిల్లు ఎవరిదో అందరికీ తెలుసు.

ట్యాంక్‌బండ్ బాబాయ్

బిల్లు నాదే, పన్ను కట్టేది నేనేగా 😀

పాత పేపర్ల పెద్దాయన

శీనూ, నువ్వడిగింది "మనం చేస్తూ పోతే వాళ్ళు కడతారా" అని. కట్టించిన కథ టాహోలోనే ఉంది, చెప్తా విను.

చెరువు పడమటి వైపు అడుగున పాత టెలిఫోన్ కేబుళ్ళు రెండు, పైన సీసపు తొడుగు, మొత్తం ఎనిమిది మైళ్ళు. ఎప్పుడో వాడటం మానేసి అలాగే వదిలేశారు. వాటిని చూసి చెప్పింది డైవర్లే. చేపలు పట్టేవాళ్ళ సంఘం ఒకటి 2021లో ఫోన్ కంపెనీ మీద కేసు వేసింది. తీసేస్తామని అదే ఏడాది ఒప్పందం. తర్వాత నీళ్ళలోకి సీసం దిగుతోందా లేదా అని మళ్ళీ గొడవ, కంపెనీ వెనకడుగు, వాయిదాలు. చివరికి 2024 నవంబరులో పైకి తీశారు, కంపెనీ ఖర్చుతోనే.

ఆ డైవర్లే ఓపికగా ముక్కలు ముక్కలుగా కోసి సంచుల్లో తెచ్చేసి ఉంటే? ఫొటో వచ్చేది, చప్పట్లు వచ్చేవి. కంపెనీకి ఒక్క డాలరు ఖర్చయ్యేది కాదు. డైవర్ కన్ను వాలంటీర్‌ది కావచ్చు, తీసే చెయ్యి వాలంటీర్‌దే కావాలని లేదు.

సన్నీవేల్ శీను

పెద్దాయనా, ఇది నాకు తట్టలేదు. అయితే ఇలా చేస్తే? దిగుతాం. ఏ పడవ స్థానం కింద ఏం ఉందో పలక మీద రాసుకుంటాం, ఫొటో తీస్తాం. తేలికైనవి తెచ్చేస్తాం. బ్యాటరీలు, టైర్లు, తాళ్ళ కట్టలు ఎక్కడున్నాయో గుర్తు పెట్టి, ఆ పట్టిక రేవుకీ, కాలిఫోర్నియా వైపు నీళ్ళు చూసే లహాంటన్ నీటి నాణ్యత బోర్డుకీ పంపిస్తాం.

గట్టుమీద గోపాలం

పంపించిన మర్నాడు రేవు గేటు మూసేస్తారు. అది వాళ్ళ స్థలం, అనుమతి లేకుండా పడవల మధ్య దిగలేం. ఈసారి పార్కింగ్ ఫీజు ఉండదులే, పార్కింగే ఉండదు. మంచితనంగా ఉంటేనే రానిస్తారు శీనూ, నేను నాలుగు రేవులతో మాట్లాడి చెప్తున్న మాట ఇది.

పాత పేపర్ల పెద్దాయన

గేటు మూస్తే ఎందుకు మూశారో అదీ రాసి బోర్డుకి పంపించు.

రెండో ట్యాంకు

పట్టిక నేను తయారుచేసిస్తాను, నా దగ్గర నీళ్ళలో రాసే పలకలు ఉన్నాయి. కానీ శీను గారూ, ముందు ఒకటి చెప్పండి. శనివారం రెండో డైవ్ నుంచి పైకి ఎన్నింటికి వచ్చారు? డానర్ ఎన్నింటికి దాటారు?

సన్నీవేల్ శీను

మూడింటికి వచ్చా. నాలుగున్నరకి దాటేశాం, ట్రాఫిక్ ఉంటుందని.