మోటార్‌హోమ్ ప్రయాణంలో ఇంటర్నెట్: డెన్వర్‌కు కొత్తగా వచ్చిన నరసన్నపేట తమ్ముడికి

నరసన్నపేట, ఇప్పుడు డెన్వర్:

అందరికీ నమస్కారం. నేను ఈ దేశానికి వచ్చి నాలుగు నెలలే అయింది. జూన్‌లో అమ్మానాన్నలు నరసన్నపేట నుంచి వస్తున్నారు. మోటార్‌హోమ్ (పడక, వంటగది ఉన్న బండి) అద్దెకు తీసుకుని మూడు వారాలు డెన్వర్ నుంచి ఎల్లోస్టోన్ జాతీయ పార్కు, సాల్ట్ లేక్ సిటీ, మోయాబ్ మీదుగా తిరిగి రావాలనుకుంటున్నాం. నాకు అన్ని రోజులు సెలవు దొరకదు. వారంలో మూడు రాత్రులు విశాఖపట్నంలోని మా బృందంతో వీడియో సమావేశం తప్పదు. ఇక్కడ రాత్రి తొమ్మిదైతే అక్కడ మర్నాడు ఉదయం ఎనిమిదిన్నర. క్యాంపుగ్రౌండ్‌లలో వైఫై ఉంటుందని ప్రకటనల్లో రాశారు. అది సరిపోతుందా? ఊళ్లో నానమ్మ ఒక్కతే ఉంటుంది. అమ్మ రోజూ ఆమెతో మాట్లాడకుండా ఉండలేదు. అనుభవం ఉన్న పెద్దలు చెప్పగలరు.

వజ్రపుకొత్తూరు, ఇప్పుడు సాల్ట్ లేక్ సిటీ:

తమ్ముడూ, క్యాంపుగ్రౌండ్ వైఫైని నమ్ముకుని సమావేశాలు పెట్టుకోకండి. వంద బండ్లు ఆగే చోట అందరికీ కలిపి ఉండేది ఒకటో రెండో కనెక్షన్లు. మధ్యాహ్నం బాగానే పనిచేస్తుంది. రాత్రి భోజనాలయ్యాక ప్రతి బండిలోనూ సినిమా మొదలవుతుంది. సరిగ్గా మీ సమావేశం వేళకు మాట తెగిపోతుంది.

నేను 2016 నుంచి ఈ పడమటి రాష్ట్రాల్లో బండి వేసుకుని తిరుగుతున్నాను. ఇంటర్నెట్ సంగతి ఎంత జాగ్రత్తగా చూసుకోవాలో ఒక్క రోజులో తెలిసింది. 2018 అక్టోబరులో మోయాబ్‌కు దూరంగా ఎర్రరాతి గుట్టల మధ్య బండి ఆపుకున్నాం. నా దగ్గర రెండు సిమ్‌లు, రెండు వేర్వేరు కంపెనీలవి. ఒకటి పోతే మరొకటి ఉందన్న ధీమా. ఆ చోటికి చేరేసరికి రెండూ పోయాయి. అప్పుడే తిత్లీ తుపాను మా తీరం మీదకు వస్తోంది. అక్టోబరు 11 తెల్లవారుజామున అది పలాస దగ్గర తీరం దాటింది. ఇక్కడ అది పదో తేదీ సాయంత్రం. దారిలో చివరిసారి మాట్లాడినప్పుడు నాన్న, "గాలి పెరిగింది, ఆవును కట్టు విప్పేశాను" అన్నారు. ఆ తర్వాత మాట లేదు.

పక్క బండిలో ఒక వృద్ధ దంపతులున్నారు. ఆ పెద్దాయన బయట మడత కుర్చీలో కూర్చుని ఎవరితోనో ఫోనులో తీరిగ్గా మాట్లాడుతున్నారు. పది అడుగుల దూరంలో నా రెండు ఫోన్లూ మూగగా ఉన్నాయి. వెళ్లి సంగతి చెప్పాను. ఆయన తన ఫోనులో హాట్‌స్పాట్ తెరిచి, ఫోను నా పక్కన బల్ల మీద పెట్టి, బండిలోకి వెళ్లిపోయారు. అర్ధరాత్రి దాకా తిరిగి అడగలేదు. మా ఊరికి మాత్రం ఎవరి ఫోనూ వెళ్లలేదు. అక్కడ కరెంటు లేదు, టవర్లు లేవు. మర్నాడు కాశీబుగ్గలోని మా పిన్ని కొడుకు, దారికి అడ్డంగా పడిన కొబ్బరిచెట్లు దాటుకుంటూ మా ఊరికి నడిచి వెళ్లాడు. వెనక్కి వచ్చి, సిగ్నల్ దొరికిన చోట నిలబడి, పదమూడు సెకన్ల మాట పంపాడు. "పెద్దమ్మ, పెద్దనాన్న బాగున్నారు. వంటింటి పైకప్పు పోయింది. ఆవు తిరిగి వచ్చింది." మోయాబ్ గ్రంథాలయం ముందు బండిలో కూర్చుని ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు.

ఆ పెద్దాయన ఫోను పలికి నావి పలకకపోవడానికి కారణం తర్వాత తెలిసింది. నా రెండు కంపెనీలూ ఒకే పెద్ద కంపెనీ టవర్లను అద్దెకు వాడుకుంటున్నాయి. పేర్లు రెండు, టవరు ఒక్కటే. ఆయనది వేరే టవరు. అందుకే మీకు మొదట చెప్పేది ఇది: సిమ్‌లు రెండు కొనండి, కానీ వాటి వెనక ఉన్న టవర్లు వేరు వేరుగా ఉండేలా చూసుకోండి.

దేశమంతా సొంత నెట్‌వర్క్‌తో నడిచే పెద్ద కంపెనీలు మూడు: వెరైజన్, ఏటీ అండ్ టీ, టీ-మొబైల్. స్ప్రింట్ 2020లో టీ-మొబైల్‌లో కలిసిపోయింది. తక్కువ ధరకు అమ్మే చిన్న పేర్లలో చాలావరకు ఈ మూడింటి మీదే నడుస్తాయి. విజిబుల్ వెరైజన్ మీద, క్రికెట్ ఏటీ అండ్ టీ మీద, మింట్ టీ-మొబైల్ మీద. కాబట్టి వెరైజన్, విజిబుల్ రెండూ కొంటే మీకు ఉన్నది ఒక్క దారే. మీరు కొత్తగా వచ్చారు, ఇక్కడ రుణ చరిత్ర ఇంకా ఏర్పడి ఉండదు. నెలవారీ ఒప్పందాల జోలికి పోకుండా రెండూ ప్రీపెయిడ్ తీసుకోండి. ప్రయాణం అయ్యాక ఒకటి మానేయవచ్చు. చిన్న పేర్లతో ఒక చిక్కు ఉంది. టవరు దగ్గర రద్దీ పెరిగితే చౌక పథకాల వారిని చాలాసార్లు వెనక వరుసలో నిలబెడతారు. సమావేశానికి వాడే సిమ్ మాత్రం పెద్ద కంపెనీ సొంత పథకంలో, ప్రాధాన్యం ఉన్నది తీసుకోండి.

"అపరిమితం" అని రాసి ఉంటే అది ఫోనులో చూసుకునే డేటాకు మాత్రమే అని అనుకోండి. హాట్‌స్పాట్ డేటాకు తరచు వేరే లెక్క ఉంటుంది. ఆ కోటా దాటగానే వేగం పడిపోతుంది, ఇక వీడియో నడవదు. వీడియో సమావేశానికి గంటకు సుమారు ఒక జీబీ లెక్క వేసుకోండి. కెమెరా ఆపి మాట వరకే ఉంచితే అందులో చిన్న భాగం సరిపోతుంది. ఫోన్లు తమంతట తాము ఫోటోలు పైకి పంపడం, కంప్యూటర్ తనంతట తాను కొత్త సాఫ్ట్‌వేర్ దించుకోవడం, ఈ రెండూ ప్రయాణమంతా ఆపేయండి. నాకు ఒకసారి సగం కోటా వీటికే పోయింది.

దారిలో ఎక్కడ ఏ కంపెనీ అందుతుందో చూడటానికి ఎఫ్‌సీసీ (ఇక్కడి ప్రభుత్వ టెలికాం నియంత్రణ సంస్థ) వారి బ్రాడ్‌బ్యాండ్ మ్యాప్ ఉంది. అందులో ఆరుబయట నిలబడి వాడితే ఎలా ఉంటుంది, వాహనం లోపల వాడితే ఎలా ఉంటుంది అని రెండు చూపులుంటాయి. మీరు రెండోది చూడండి. అప్పటికీ అది కంపెనీలు లెక్కలు కట్టి ఇచ్చిన అంచనాయే. కొండ మలుపుల దగ్గర రంగు ఉన్న చోట కూడా ఫోను పలకకపోవచ్చు. సాలూరు దాటి ఘాట్ రోడ్డులో వెళ్లినవారికి కొండ చాటు సంగతి చెప్పనక్కర్లేదు.

చేరాక ఫోనులోని గీతలు చూసి సంతోషపడకండి. అంకె చూడండి. ఐఫోనులో *3001#12345#* కొట్టి కాల్ నొక్కితే పరీక్ష తెర వస్తుంది. ఆండ్రాయిడ్‌లో ఫోను వివరాల్లోని సిమ్ స్థితిలో సాధారణంగా కనిపిస్తుంది. సిగ్నల్ బలాన్ని చెప్పే ఆర్‌ఎస్‌ఆర్‌పీ అనే అంకె -80 దగ్గర ఉంటే చాలా మంచిది, -100 దగ్గర పని గడుస్తుంది, -115 దాటితే సమావేశం మీద ఆశ పెట్టుకోవద్దు. పది అంకెలు కిందికి దిగితే అందే శక్తి పదో వంతుకు పడిందని అర్థం. బండి నిలిపే ముందు ఆ క్యాంపులో రెండు మూడు చోట్ల దిగి చూడండి. గుట్ట చాటు నుంచి ముప్పై అడుగులు ఇవతలకు జరిగితే పది అంకెలు మెరుగుపడటం నేను చాలాసార్లు చూశాను.

ఇక మీ దారి. సమావేశాలున్న మూడు రాత్రులు ఊళ్ల దగ్గర ఆగండి, మిగతా రాత్రులు అడవిలో ఉండండి. ఎల్లోస్టోన్ లోపల ఓల్డ్ ఫెయిత్‌ఫుల్, మామత్ వంటి పెద్ద కూడళ్ల దగ్గర ఫోను అందుతుంది, మధ్యలో చాలా దూరం అందదు. అందే చోట కూడా జూన్, జూలై నెలల జనంతో టవరు నిండిపోతుంది. సమావేశం ఉన్న రాత్రి పడమటి ద్వారం బయట ఉన్న వెస్ట్ ఎల్లోస్టోన్ ఊళ్లో ఉండండి. సాల్ట్ లేక్‌లో ఇబ్బంది లేదు. మోయాబ్ ఊళ్లో ఉన్నంతసేపు పరవాలేదు, కనుమల్లోకి దిగితే ఉండదు. పని ఉన్న రాత్రి సాయంత్రం ఆరు గంటలకల్లా చేరుకుని పరీక్షించండి. సరిగా లేకపోతే వేరే చోటికి మారడానికి మూడు గంటలు చేతిలో ఉంటాయి.

బొబ్బిలి, ఇప్పుడు ఫీనిక్స్:

అన్నయ్య చెప్పినవాటికి అమ్మానాన్నల సంగతి కలుపుతున్నాను. వాళ్ల ఫోన్లలో మన దేశపు సిమ్ తీసేయవద్దు. బ్యాంకు ఓటీపీలు ఆ నంబరుకే వస్తాయి. బయలుదేరకముందే అంతర్జాతీయ రోమింగ్ చేయించి, డేటా రోమింగ్ మాత్రం ఆపి ఉంచమనండి. లేకపోతే విమానం దిగేసరికే బిల్లు మొదలవుతుంది. మా అత్తగారి విషయంలో ఆ తప్పు జరిగింది.

నానమ్మకు ముందే చెప్పి ఉంచండి. "ఫలానా రెండు రోజులు మేము కొండల్లో ఉంటాం, ఫోను రాదు, కంగారు పడకు" అని తేదీలతో చెప్పాలి. వీలైతే పక్కింటివారికి కూడా. మేము ఒకసారి చెప్పకుండా వెళ్లాం. మా అమ్మ మూడు రోజులు సరిగా అన్నం తినలేదని తర్వాత తెలిసింది. వీడియో కాల్‌కు ఒక వేళ పెట్టుకోండి. మీకు ఉదయం ఏడున్నర అయితే ఆమెకు రాత్రి ఏడు. ఆ వేళకు క్యాంపులో ఇంకా అందరూ లేవరు, లైను కూడా బాగుంటుంది.

మ్యాపులు ఫోనులోకి ముందే దించుకోండి. ప్రమాదం వస్తే మీ సిమ్‌కు సిగ్నల్ లేకపోయినా 911కు ప్రయత్నించండి. అందుబాటులో ఏ కంపెనీ టవరున్నా ఆ కాల్ తీసుకుంటుంది. ఐఫోను 14, ఆ తర్వాతి వాటిలో టవరు అసలు లేని చోట ఉపగ్రహం ద్వారా సహాయం కోరే వీలుంది. ఇంటి దగ్గరే దాన్ని అభ్యాసం చేసి చూడండి, నాన్నగారికి కూడా చూపించండి.

నరసన్నపేట, ఇప్పుడు డెన్వర్:

అన్నయ్యా, అక్కా, చాలా కృతజ్ఞతలు. ఇంకొక్కటి. ఆఫీసులో ఒకరు బూస్టర్ పెట్టించమంటున్నారు. ఇంకొకరు స్టార్‌లింక్ అనే ఉపగ్రహ ఇంటర్నెట్ తీసుకుంటే ఇవేవీ అక్కర్లేదంటున్నారు. అద్దె బండికి ఏది నయం?

వజ్రపుకొత్తూరు, ఇప్పుడు సాల్ట్ లేక్ సిటీ:

బూస్టర్ వద్దు. అది ఉన్న సిగ్నల్‌ను పెంచుతుంది, లేని చోట పుట్టించదు. బయట యాంటెన్నా, లోపల యాంటెన్నా తగినంత దూరంలో లేకపోతే ఒకదాన్నొకటి విని అరుచుకుంటాయి, అప్పుడు అది తన శక్తిని తానే తగ్గించుకుంటుంది. పైగా అద్దె బండి పైకప్పుకు రంధ్రం చేయనివ్వరు. అయస్కాంతంతో అంటించే యాంటెన్నా అల్యూమినియానికీ ఫైబర్‌గ్లాస్‌కూ అతుక్కోదు. సిమ్ వేసుకునే చిన్న రౌటర్ ఒకటి కొని, టవరు వైపున్న కిటికీ దగ్గర పెట్టుకోండి. రేకు గోడ వెనక బల్ల మీద ఉన్న ఫోనుకూ, అద్దం దగ్గర ఉన్న రౌటర్‌కూ తేడా మీరే కొలిచి చూస్తారు.

స్టార్‌లింక్ మంచిదే. పాత ఉపగ్రహ ఇంటర్నెట్‌కు సిగ్నల్ 35,786 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి రావాలి, అందుకే ఒక మాటకూ మరో మాటకూ మధ్య అంత ఎడం వచ్చేది. స్టార్‌లింక్ ఉపగ్రహాలు కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి, సమావేశం హాయిగా జరుగుతుంది. కానీ దానికి తెరిచిన ఆకాశం కావాలి. ఎల్లోస్టోన్ క్యాంపుల్లో పైన్ చెట్లు నెత్తి మీద గొడుగులా ఉంటాయి. ఉపగ్రహం చెట్టు చాటుకు వెళ్లిన ప్రతిసారీ కొన్ని సెకన్లు మాట ఆగుతుంది. మోయాబ్ ఎడారిలో అదే డిష్ అద్భుతంగా పనిచేస్తుంది. టవరుకు గుట్ట అడ్డమైతే స్టార్‌లింక్, ఆకాశానికి చెట్టు అడ్డమైతే టవరు. అందుకే ఒకటి ఉంటే మరొకటి అక్కర్లేదన్న మాట నేను ఒప్పుకోను.

తీసుకుంటే మినీ అనే చిన్న డిష్ తీసుకోండి. అది 25 నుంచి 40 వాట్లు తింటుంది. మూడు గంటల పనికి 120 వాట్-అవర్లకు మించదు. ఇది ఎందుకు ముఖ్యమంటే, మీ సమావేశాలు రాత్రి తొమ్మిదికి, ఆ వేళకు క్యాంపుల్లో జనరేటర్ వేయనివ్వరు. అంతా బ్యాటరీ మీదే. జూన్‌లో కూడా ఎల్లోస్టోన్ రాత్రులు గడ్డకట్టే చలికి దిగుతాయి, హీటరు ఫ్యాను తెల్లవార్లూ అదే బ్యాటరీ మీద తిరుగుతుంది. వయసు పైబడిన వాళ్లు లోపల పడుకుని ఉంటారు, బ్యాటరీని కంప్యూటర్‌కే ఖర్చు చేయలేరు. బండి తీసుకునేటప్పుడు బ్యాటరీలు ఎన్ని, ఎన్ని ఆంపియర్-అవర్లు అని తప్పకుండా అడగండి. ఎల్లోస్టోన్ పార్కు లోపల కరెంటు కనెక్షన్ ఇచ్చే క్యాంపు ఫిషింగ్ బ్రిడ్జి ఆర్‌వీ పార్కు ఒక్కటే. దొరికితే వెంటనే బుక్ చేయండి.

బయలుదేరడానికి వారం ముందు బండి లేకుండానే ఒక సాయంత్రం మీ కారులో డెన్వర్ బయటి కొండల వైపు వెళ్లండి. రెండు సిమ్‌లు, రౌటర్, కంప్యూటర్ తీసుకుని ఒక పూర్తి సమావేశం కారులోనే నడపండి. ఏ తీగ మరిచిపోయారో అక్కడే తెలుస్తుంది.

తేదీలు ఖాయమయ్యాక ఇక్కడ రాయండి. మోయాబ్ చుట్టూ నేను ఆగిన చోట్ల ఏ కంపెనీకి ఎంత అంకె వచ్చిందో నోటు పుస్తకంలో ఉంది, ఫోటో తీసి పెడతాను. మీరు సాల్ట్ లేక్ వచ్చిన రాత్రి మా ఇంటి ముందు బండి నిలుపుకోవచ్చు. కరెంటు, వైఫై రెండూ ఇస్తాను. అమ్మగారిని నానమ్మతో కరువుతీరా మాట్లాడమని చెప్పండి.