పాలపన్ను ఊడకముందే వెనకాల కొత్త పన్ను: లాగించాలా?

ప్రశ్న (కావలి)
మావాడికి ఆరున్నరేళ్లు. కింది వరసలో ముందు పన్ను కదులుతా ఉండాది, ఊడలా. దాని వెనక, నాలుక వైపు, కొత్త పన్ను మొన పైకొచ్చింది. వాళ్ల అవ్వ దారం కట్టి లాగేద్దామంటోంది. వదిలేస్తే కొత్తది వంకరగా ఉండిపోతుందా? పైగా అది కొంచెం పసుపుగా, అంచు రంపం మాదిరి ఉండాది. మూడేళ్లు వచ్చేదాకా కనిగిరి వైపు బోరు నీళ్లే తాగినాడు. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పన్ను రంగు మారిందేమో?

జవాబు 1
దారం వద్దు. కింది ముందు పళ్లు నాలుక వైపు నుంచి రావడం ఈ వయసులో మామూలే. కొత్త పన్ను కింద నుంచి ఒత్తుతుంటే పాలపన్ను వేరు కరిగిపోవాలి. అది మరీ వెనగ్గా వస్తే వేరులో వెనక భాగమే కరిగి, ముందు భాగం పట్టుకుని ఉంటుంది. అందుకే కదులుతుంది గానీ ఊడదు. దారంతో గుంజితే మిగిలిన వేరు విరగొచ్చు, చిగురు చీలొచ్చు.

చేతులు కడుక్కుని వాణ్నే రోజూ నాలుకతో, వేలితో ఆడించుకోమనండి. జామకాయ, క్యారెట్ కొరకనివ్వండి. నొప్పని ఆ పక్క నమలకుండా ఉంటేనే ఆలస్యమవుతుంది. పాలపన్ను ఊడి చోటు దొరికితే నాలుకే కొత్తదాన్ని నెమ్మదిగా ముందుకు తోస్తుంది. చోటు కోసమని పక్కనున్న గట్టి పాలపన్ను కూడా తీయించొద్దు.

ప్రశ్న అడిగినవారు
ముందుకీ వెనక్కీ కదులుతోంది, పక్కలకు కదలడం లేదు. ఎన్నాళ్లు ఆగొచ్చు?

జవాబు 2
అంటే వేరు ఇంకా ఉంది, చేయి పెట్టొద్దు. అన్ని వైపులా తిరుగుతూ, నొక్కితే నొప్పి లేకుండా ఉన్నప్పుడే శుభ్రమైన గాజుగుడ్డతో పట్టుకుని కాస్త మెలితిప్పితే వచ్చేస్తుంది. నెలా రెండు నెలల్లో కదలిక పెరగకపోయినా, కొత్తది సగానికి పైగా వచ్చేసినా పళ్ల డాక్టరుకు చూపించండి. మత్తు ఇచ్చి తీసేస్తారు, చిన్న పనే.

ఊడాక నెత్తురు వస్తే కాఫీపొడి, పసుపు అద్దుతారు కొందరు. అవేవీ వద్దు. తడి గాజుగుడ్డ మడిచి ఆ చోట పెట్టి పది పదిహేను నిమిషాలు గట్టిగా కొరికి పట్టుకోమనాలి. మధ్యలో తీసి చూస్తే గడ్డకట్టింది ఊడి మళ్లీ కారుతుంది. ఆ పూట గట్టిగా పుక్కిలించడం, వేడి వేడి రసం వద్దు. అరగంటకీ ఆగకపోతే ఆసుపత్రికే. దెబ్బ తగిలితే నెత్తురు తొందరగా ఆగని పిల్లలకైతే ముందే డాక్టర్ని అడగాలి. ఊడినదాన్ని పేడలో పెట్టి ఇంటిమీదకి విసరడం అవ్వ ఇష్టం, దానికి వైద్యం అడ్డు రాదు!

జవాబు 3
రంపం అంచు సహజం, వాడుకలో అరిగి చదునవుతుంది. పన్నంతా ఒకే తీరు లేత పసుపైతే భయం లేదు. శాశ్వత పన్నులో లోపలి పసుపు పొర మందం, అది పైకి కనిపిస్తుంది. పాలపళ్లు మరీ తెల్లగా ఉంటాయి కాబట్టి పక్కపక్కన చూస్తే తేడా ఎక్కువనిపిస్తుంది. ఫ్లోరైడ్‌దైతే సుద్ద గీతల్లాంటి తెల్ల మరకలు కుడి ఎడమల జంట పళ్ల మీద ఒకే తీరుగా పడతాయి. తర్వాత అవి గోధుమరంగుకు తిరగొచ్చు, ఎంత తోమినా పోవు. ముందు పళ్ల పైపొర పుట్టిన కొన్ని నెలల నుంచి నాలుగైదేళ్ల దాకా తయారవుతుంది. కాబట్టి మీ అనుమానం తీసెయ్యలేం, పై పళ్లు కూడా వచ్చాక డాక్టరుకు చూపించండి.

ఆ ఊళ్లో ఇంకా చిన్నపిల్లలుంటే ఆ బోరు నీళ్లు ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 వరకు. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

జవాబు 4
ఒకటి మర్చిపోయారు. ఇదే వయసులో చివరి దవడపన్ను వెనక, ఏ పన్నూ ఊడకుండానే, పెద్ద దవడపళ్లు నాలుగు మొలుస్తాయి. పాలపళ్లే కదా, పుచ్చినా ఊడిపోతాయిలే అని వదిలేస్తుంటారు. అవి శాశ్వతం. బ్రష్ అక్కడిదాకా పోతోందో లేదో రాత్రిపూట మీరే చూడండి. పేస్టు బఠాణీ గింజంత చాలు, మింగకుండా ఉమ్మేయాలి.