రోమియో జూలియట్ (1996): సబ్‌టైటిళ్లు వెనకబడతా ఉన్నాయి

ప్రశ్న: తిరుపతిలో మా ఫిలిం క్లబ్బులో బాజ్ లుర్‌మన్ సినిమా వేస్తున్నాం. చేతుల్లో తుపాకులు, మాటలు మాత్రం షేక్‌స్పియర్‌వే, కాబట్టి తెలుగు సబ్‌టైటిళ్లు తప్పవు. మొదట సరిగ్గానే ఉండి, పోనుపోను వెనకబడతా ఉన్నాయి. ఏం చెయ్యాల?

జవాబు: అది ఫ్రేమ్ రేటు (సెకనుకు ఎన్ని బొమ్మలు చూపిస్తుందో ఆ లెక్క) తేడా అన్నా. వీడియో 25, సబ్‌టైటిల్ 23.976 లెక్కకు చేసిందయితే సినిమా ముగిసేసరికి దాదాపు 5 నిమిషాలు తేడా వస్తుంది. సెకన్లు జరిపితే కుదరదు, రేటే మార్చాల. సబ్‌టైటిల్ ఫైలును యూటీఎఫ్-8లో (తెలుగు అక్షరాలు సరిగ్గా నిలిచే ఎన్‌కోడింగ్) సేవ్ చెయ్యండి, లేదంటే తెరమీద పిచ్చి గుర్తులొస్తాయి.

జవాబు: నాటకం అనువాదంలోంచి డైలాగులు ఎత్తుకున్నారా? అయితే సమాధి సీను చూసుకోండి. నాటకంలో పారిస్ (జూలియట్‌కు ఇంట్లోవాళ్లు చూసిన పెళ్లికొడుకు) అక్కడే చస్తాడు, రోమియో పోయినాకే జూలియట్ లేస్తుంది. సినిమాలో పారిస్ అక్కడికి రానేరాడు. రోమియో విషం తాగేటప్పుడే ఆమె కళ్లు తెరుస్తుంది. నాకైతే ఇదే ఎక్కువ క్రూరం.

ప్రశ్న అడిగినవారు: వీడియో 25లోనే ఉంది. రేటు మార్చినాను, కుదిరింది.