స్వింగ్ స్టేట్‌కి కొత్తగా వచ్చిన స్టూడెంట్ ఓటు: మనసు చెప్పినట్టా, లెక్క చెప్పినట్టా?

కొత్తకాపు (అక్టోబర్ 14, 2024)

మాది ఒంగోలు. ఐదేళ్లప్పుడు డాలస్ వచ్చాం, హైస్కూల్ చివర్లో సిటిజన్‌షిప్ వచ్చింది. తెలుగు నానమ్మ దగ్గర నేర్చుకున్నది, తప్పులుంటే మన్నించండి.

ప్రెసిడెంట్ ఎన్నికల్లో మొదటి ఓటు 2020లో టెక్సస్‌లో వేశాను, గ్రీన్ పార్టీకి. ఎవరూ ఏమీ అనలేదు. అక్కడ ట్రంప్ 6 లక్షల పైచిలుకు తేడాతో గెలిచాడు, నా ఓటు సముద్రంలో కాకిరెట్ట.

ఈ ఆగస్టులో పీహెచ్‌డీకి ఆన్ ఆర్బర్ వచ్చాను. ఇంకా సర్దుకోలేదు. రోడ్డు పక్కన ఎవరో వదిలేసిన మంచం మోసుకొచ్చాను, తీరా చూస్తే దానికి బోల్టులు లేవు. పరుపు నేల మీదే. కుక్కర్ తెచ్చుకున్నాను, గాస్కెట్ డాలస్‌లో మర్చిపోయాను. వారానికి రెండు సెక్షన్లు చెప్పాలి, యాభై మంది హోంవర్కులు దిద్దాలి. చెత్తబండి ఏ రోజు వస్తుందో నిన్ననే తెలిసింది.

ఇప్పుడు టెన్షన్ ఏమిటంటే, ఇది మిషిగన్, ఎటైనా మొగ్గే స్వింగ్ స్టేట్. 2016లో ఇక్కడ ట్రంప్ గెలిచిన తేడా 10,704 ఓట్లు. గ్రీన్ పార్టీ జిల్ స్టైన్‌కి వచ్చినవి 51 వేల పైనే. గాజా విషయంలో డెమోక్రాట్ల మీద నాకు పట్టరాని కోపం. ఫిబ్రవరిలో డెమోక్రాట్ల అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీలో ఈ రాష్ట్రంలోనే లక్ష మంది ‘అన్‌కమిటెడ్’ (ఎవరికీ కాదు) అని వేశారు కదా, నేనుంటే నేనూ అదే వేసేదాన్ని. మళ్లీ గ్రీన్ పార్టీకే, ఈసారి నిలబడ్డ స్టైన్‌కి వేయనా? లెక్క చూసుకుని డెమోక్రాట్ హారిస్‌కి వేయనా? అసలు ఏడు వారాల క్రితం వచ్చినదాన్ని, ఈ రాష్ట్రం సంగతి నేను తేల్చడమేమిటి, పోస్టులో టెక్సస్‌కే వేసేస్తే పోదా?

ప్లేనో బాబాయ్

అమ్మా, ముందే చెబుతున్నా, నేను రిపబ్లికన్‌ని. నువ్వు హారిస్‌కి వేయకపోతే నాకు లాభమే. అయినా న్యాయం మాట్లాడుకుందాం. కూరగాయల మార్కెట్‌కి రాత్రి ఎనిమిదింటికి వెళితే మిగిలినవాటిలోనే ఏరుకోవాలి. వంకాయలు పుచ్చులని ఖాళీ సంచితో ఇంటికొస్తే పిల్లలకేం పెడతావు? 2016 ప్రైమరీలో నా అభ్యర్థి వేరు. నవంబరులో పుచ్చు వంకాయే తెచ్చుకున్నాను.

గోదారిగట్టు

బాబాయ్ గారితో నాకు ఎప్పుడూ పడదు కానీ ఈసారి పడింది. 2000లో ఫ్లోరిడా మర్చిపోయారా? డెమోక్రాట్ గోర్ మీద బుష్ గెలిచింది 537 ఓట్లతో. గ్రీన్ పార్టీ రాల్ఫ్ నేడర్‌కి అక్కడ వచ్చినవి 97 వేల పైనే. ఆ తర్వాత ఇరాక్ యుద్ధం. మనస్సాక్షికి ఓటేశామని మురిసిపోయినవాళ్లు అప్పుడు ఏమయ్యారు?

లెక్కల మాస్టారు

ఈ 537 కథ విని విని విసుగొచ్చింది. అదే బ్యాలెట్ మీద సోషలిస్ట్ వర్కర్స్ పార్టీ అభ్యర్థి ఉన్నాడు, ఆయనకి 562 వచ్చాయి. ఆయనవీ 537 కంటే ఎక్కువే! గోర్‌ని ఓడించింది ఆయనేనా? పామ్ బీచ్‌లో బ్యాలెట్ పేపర్ తికమకగా అచ్చేసి వేలమందిని బోల్తా కొట్టించిన సంగతి ఎవరూ ఎత్తరు. నేడర్ ఓటర్లు మాత్రం పాతికేళ్లుగా బోనులో నిలబడి ఉన్నారు. ఓటు పార్టీ సొత్తు కాదండీ. అభ్యర్థి వచ్చి అడగాలి, మనం ఇవ్వాలి.

అంతకుమించి, ‘ఎలాగూ మనకే వేస్తారు’ అని పార్టీకి తెలిస్తే మీ కోపం ఎవరికి కావాలి? ఈ మాటకి జవాబు చెప్పండి ఎవరైనా.

గోదారిగట్టు

562 సంగతి నిజంగా తెలియదు మాస్టారూ, ఒప్పుకుంటున్నా. కానీ కోపం చూపించడానికి ఫిబ్రవరి ఉంది, నవంబరు కాదు. ఆ లక్ష ‘అన్‌కమిటెడ్’ ఓట్ల గురించి దేశమంతా మాట్లాడింది. ఇక్కడ స్టైన్‌కి వేస్తే మర్నాడు అందరూ తిట్టుకోవడానికి పనికొస్తుంది, అంతే.

ఇంకో దారి ఉంది, నవ్వకండి. 2000లోనే జనం ఇంటర్నెట్‌లో ఓట్లు మార్చుకున్నారు. గట్టిపోటీ రాష్ట్రంలోని నేడర్ మనిషి గోర్‌కి వేస్తే, ఏకపక్షంగా ఉన్న రాష్ట్రంలోని గోర్ మనిషి నేడర్‌కి వేస్తాడు. కాలిఫోర్నియా అధికారులు కేసు పెడతామంటే సైట్లు మూసేశారు. 2007లో ఫెడరల్ అప్పీల్స్ కోర్టు మాత్రం అది భావప్రకటన స్వేచ్ఛేనని తేల్చింది. డాలస్‌లో మీ ఫ్రెండ్ ఎవరూ లేరా?

కొత్తకాపు

ఉంది. కానీ లోపలికెళ్లి ఏం వేసిందో ఎవరు చూడొచ్చారు? అది కాలేజీలో నా నోట్స్ పట్టుకెళ్లి ఇంతవరకు తిరిగివ్వలేదు.

ఎఫ్‌వన్ బతుకు

మీ గోల చూస్తే అసూయగా ఉంది. నేనొచ్చి నాలుగేళ్లు, ట్యాక్స్ కడతాను, ఓటు లేదు. ఊళ్లోనూ వేయలేకపోయాను, మేలో టికెట్ 1,800 డాలర్లు.

మా స్టూడెంట్ వీసా బాపతు వాళ్లకి ఒక్క మాట. డ్రైవింగ్ లైసెన్స్‌కి వెళ్లినప్పుడు ఓటరుగా నమోదు చేయాలా అని అడుగుతారు. కంగారులో ఎస్ అనకండి. సిటిజన్ అని అబద్ధం చెప్పినట్టు లెక్క, రేపు గ్రీన్ కార్డుకే ఎసరు.

మాస్టారూ, కోపం చూపించే ఓటు సంగతి అంటారా? మొన్న లోక్‌సభ ఎన్నికల్లో ఇండోర్‌లో నోటాకి 2 లక్షల పైన పడ్డాయి. గెలిచినాయన 11 లక్షల మెజారిటీతో హాయిగా ఢిల్లీ వెళ్లాడు.

లెక్కల మాస్టారు

అక్కడ కాంగ్రెస్ అభ్యర్థి నామినేషనే వెనక్కి తీసుకున్నాడు బాబూ. ఆ 2 లక్షలు లేకపోతే ఇండోర్ పేరు ఈరోజు నువ్వు ఎత్తేవాడివా?

యిప్సీలో ఇరవయ్యేళ్లు

అమ్మాయ్, నేను మీ పక్క ఊరు యిప్సిలాంటిలోనే ఉంటాను. ‘నేనెవరిని తేల్చడానికి’ అన్నావు చూడు, అదొక్కటే నాకు నచ్చలేదు. విద్యార్థులు చదివే ఊళ్లో ఓటేయకుండా టెక్సస్‌లో ఒక కౌంటీ అధికారి అడ్డుపడితే, అది కుదరదని 1979లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి తేలింది. నువ్వు వచ్చింది ఆ రాష్ట్రం నుంచే.

పైగా బ్యాలెట్ అంటే ప్రెసిడెంట్ ఒక్కటే కాదు. మీ యూనివర్సిటీకి ఎనిమిది మంది రీజెంట్లు, అంటే పాలకమండలి సభ్యులు ఉంటారు. వాళ్లని రాష్ట్రమంతా కలిసి ఓటేసి ఎన్నుకుంటుంది, ఈసారి రెండు సీట్లు. నీ స్టైపెండ్ ఉండే బడ్జెట్‌కి ఆమోదం వేసేది వాళ్లే. ఆన్ ఆర్బర్ సొంతంగా కరెంటు సంస్థ పెట్టుకోవాలా అని కూడా ఒక ప్రశ్న ఉంది. ఇవన్నీ డాలస్ నుంచి వేస్తావా?

క్యాంపస్‌లో ఆర్ట్ మ్యూజియంలోనే సిటీ క్లర్కు వాళ్ల కౌంటర్ ఉంది. నమోదు, ఓటు రెండూ అక్కడే అయిపోతాయి. అడ్రస్‌కి బ్యాంక్ స్టేట్‌మెంట్ చాలు. రెండు చోట్లా వేయకు, అది నేరం.

కొత్తకాపు (అక్టోబర్ 29)

నిన్న వేసొచ్చాను. క్యూ మ్యూజియం బయటిదాకా ఉంది, గంటంపావు పట్టింది. నా ముందు అబ్బాయి నిలబడే ల్యాప్‌టాప్ చేతి మీద పెట్టుకుని హోంవర్కులు దిద్దుతున్నాడు. నేను కూడా నావి తీసి ఆరు పేపర్లు దిద్దాను. టెక్సస్ లైసెన్స్ చూపిస్తే కౌంటర్‌లో ఆవిడ ‘వెల్‌కమ్’ అంది. వచ్చాక ఆ మాట అన్న మొదటి మనిషి ఆవిడే.

హారిస్‌కి వేశాను. గుండ్రం నింపడానికి చాలాసేపు పట్టింది, పెన్ను రెండుసార్లు స్టైన్ మీదికి పోయింది. రీజెంట్ల దగ్గర మాత్రం మాస్టారి మాట విని ఒక ఓటు చిన్న పార్టీకి ఇచ్చాను. బాబాయ్ గారూ, వంకాయ పుచ్చే. సంచిలో ఉంది, ఇంకా వండలేదు.

గాస్కెట్ కాంటన్‌లో దొరికింది.

లెక్కల మాస్టారు

ఒకటి చాలు. హారిస్ ఓటు గురించి ఫలితాలొచ్చాక నవంబరు 6న మాట్లాడుకుందాం.

ప్లేనో బాబాయ్

నా వోటు నీ వోటుని కొట్టేయలేదులే, నాది టెక్సస్, రాష్ట్రాలు వేరు. మంచం బోల్టుల కోసం ఆన్‌లైన్లో వెతక్కు. కన్నంలో పెన్సిల్ దూర్చి ఎంత లావో చూసుకుని, ఆ పెన్సిలే హార్డ్‌వేర్ షాపుకి పట్టుకెళ్లు. చలి మొదలవకముందే నేల మీద నుంచి లే.